కణములోని తీపి చిరునామా

తెలుగువారు చక్కెర అంటారు, ఉర్దూ మాట్లాడేవారు షకర్ అంటారు. రెండు మాటలూ శర్కర అనే ఒకే మూలము నుండి పుట్టిన తోబుట్టువులు. నాలుకకు తీపి నిచ్చే ఈ జాతి పదార్థములు జీవకణములో మరొక గొప్ప బాధ్యతను కూడా నిర్వహిస్తున్నవి. అక్కడ అవి చిరునామాలు.

మన దేహములోని దాదాపు ప్రతి కణములోను లైసోసోములు అనే చిన్న సంచులు ఉంటాయి. వీటిని 1955లో బెల్జియం శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ ద దూవ్ కనుగొన్నాడు. 1974లో నోబెల్ బహుమానమును పంచుకొన్నాడు. అరిగిపోయిన పదార్థములను విడగొట్టి మరల వాడుకకు అందించడము ఈ సంచుల పని. అందుకు కావలసిన ఎంజైములు సుమారు 60 వరకు ఉన్నవి. అయితే ఇవి సంచిలో పుట్టవు. వేరొక చోట తయారై, గాల్జీ అనే విభాగమును దాటి, సంచిని చేరాలి. దారి తప్పితే కణము వెలుపలికి పోతాయి.

గాల్జీని తపాలా కార్యాలయముతో పోల్చవచ్చును. అక్కడ ఫాస్ఫోట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైము, ఇతర ఎంజైములకు అతికి ఉన్న మానోజ్ అనే చక్కెరపై ఫాస్ఫేటుతో కూడిన మరొక చక్కెరను చేరుస్తుంది. వేరొక ఎంజైము వచ్చి ఆ పై చక్కెరను తొలగించగా మానోజ్-6-ఫాస్ఫేటు మిగులుతుంది. ఇదే చిరునామా. దీనిని చదివే గ్రాహకములు ఎంజైమును పట్టుకొని సంచి వైపు తీసుకొనిపోతాయి. దారిలో ఆమ్లత్వము పెరగగానే దానిని విడిచి, మరల పనికి తిరిగి వస్తాయి.

ఈ చిరునామా ఉన్నదని మొదట తెలిపినది ఒక వ్యాధి. ఐ-సెల్ వ్యాధితో పుట్టిన శిశువులలో ఎదుగుదల కుంటుపడుతుంది, ఎముకలు వంకరపోతాయి, చాలమంది బాల్యము దాటరు. 1972లో హిక్‌మన్, న్యూఫెల్డ్ అను ఇద్దరు ఈ రోగుల కణములను పరిశీలించారు. ఆరోగ్యవంతుల కణములు విడిచిన ఎంజైములను రోగుల కణములు లోనికి తీసుకొన్నవి. రోగుల కణములు విడిచిన ఎంజైములను మాత్రము ఆరోగ్యవంతుల కణములు తీసుకొనలేదు. అనగా లోపము తీసుకొనేవానిలో లేదు, ఉత్తరము మీది చిరునామాలో ఉన్నది. ఆ చిరునామా మానోజ్-6-ఫాస్ఫేటు అని 1977లోను, దానిని వ్రాసే ఎంజైము లోపించడమే వ్యాధికి కారణమని 1981లోను తేలినది.

నేడు ఈ మానవ ఎంజైమును ప్రయోగశాలలో తయారు చేయవచ్చును. దాని జన్యువును పెంపుడు క్షీరద కణములలో ప్రవేశపెడతారు. సాధారణ సూక్ష్మజీవి ఇ. కోలై ఇందుకు చాలదు; ఎందుకనగా ఈ ఎంజైముపై కూడా చక్కెరలు అమరాలి, పిమ్మట దానిని ఒక చోట కత్తిరిస్తేనే అది పనిలో దిగుతుంది. ఇట్లు లభించిన ఎంజైము సహాయముతో ఏ మాంసకృత్తుకు చిరునామా పడుతున్నదో, ఏ జన్యుమార్పు పనిని ఎంత తగ్గిస్తున్నదో కొలవవచ్చును. అయితే అది పరిశోధనకే గాని, రోగికి ఔషధము కాదు. ఔషధమైనది వేరే ఉన్నది: పాంపే వ్యాధికి ఈ చిరునామా గల ఎంజైమును 2006 నుండి చికిత్సగా వాడుతున్నారు. అక్కడ లోపించినది ఒక్క ఎంజైము. ఐ-సెల్ వ్యాధిలో దారి తప్పేవి అనేకము. అందుచేతనే దానికి ఇంకను నివారణ లేదు.

ఈ కథలో మన ప్రాంతమునకు కూడా భాగము కలదు. నల్లగండ్లకు ఆనుకొని ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయము 1974లో, సరోజినీ నాయుడు గృహమైన గోల్డెన్ త్రెషోల్డ్‌లో ఆరంభమైనది. అందలి జీవరసాయన విభాగములో ఆచార్య నడింపల్లి శివకుమార్ పైన చెప్పిన గ్రాహకములపై దీర్ఘకాలము పరిశోధన గావించారు. ఇటువంటి గ్రాహకములు క్షీరదములలోనే గాక, నక్షత్ర చేప వంటి వెన్నెముక లేని ప్రాణులలో సైతము ఉన్నవని ఆ పరిశోధనలు చూపినవి. చిరునామా పద్ధతి ఎంత ప్రాచీనమో దీనివలన తెలుస్తున్నది.

విద్యార్థి మిత్రులారా! ఈ విషయము పరీక్షకు మాత్రమే కాదు. లోపముగల జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వచ్చినప్పుడే శిశువుకు ఈ వ్యాధి కలుగుతుంది. తల్లిదండ్రులు ఆరోగ్యముగానే కనిపిస్తారు. ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు ప్రమాదము ఉంటుంది. మేనరికములలో ఒకే పూర్వీకుని జన్యువు ఇరువైపుల నుండి చేరే అవకాశము హెచ్చు. మన కళాశాలలో చదివే రెండు భాషల కుటుంబములలోను దగ్గరి బంధువుల వివాహములు ఉన్నవి. ఎవరినీ నిందించుటకు ఈ మాట చెప్పడము లేదు. కుటుంబములో ఇటువంటి శిశువు పుట్టి ఉంటే, తరువాతి వివాహమునకు, కాన్పునకు ముందే జన్యు వైద్యుని సలహా తీసుకొనడము అవసరము. తల్లి దోషమని, జాతక దోషమని, దృష్టి దోషమని ఆ ఇంటి కోడలిని ఆడిపోసుకొనే అలవాటును ఆపడము అంతకంటె అవసరము. దోషము ఒక చిన్న చిరునామాది. అది వ్రాయలేని జన్యువు ఇద్దరి నుండీ వచ్చినది. ఈ సంగతిని మన ఇండ్లలో మన భాషలో చెప్పగలిగిననాడు మన చదువు సార్థకమవుతుంది.