కల్పితకథలలో మంచిచెడ్డలు

విద్యార్థులారా, ఈ సంచికకొఱకు మీరు వ్రాసి యిచ్చిన కథలను మేము శ్రద్ధతో చదివితిమి. వానిలో సగమునకు పైగా అద్భుతకథలే. రాక్షసులు, మాంత్రికులు, గ్రహాంతరవాసులు, మాటలాడు యంత్రములు వానిలో నిండియున్నారు. ఊహాశక్తికి కొదువ లేదు. కాని యొక లోపము పెక్కింట కనబడినది. చెడ్డవాడు మొదటి పంక్తినుండియు చెడ్డవాడే; నల్లనివాడు, కోఱలవాడు, కారణము లేకయే ఊరిని తగులబెట్టువాడు. మంచివాడు తెల్లనివాడు, అందగాడు, ఒక్కమాఱైనను తడబడనివాడు. ఇట్టి కథను చదివినవానికి భయమును కలుగదు, ధైర్యమును కలుగదు. ఏలయనగా అది తన్నుగూర్చిన కథ యని వానికి తోపదు.

ఈ లోపము మీదే యని మేము చెప్పజాలము, మాది కూడ. మేము క్రిస్మసు నాటకమును నడపిన తొలి సంవత్సరములలో హేరోదు వేషమును తరగతిలో మిక్కిలి నల్లని బాలునికే యిచ్చుచుంటిమి. ఒక యేట ఆ వేషము దొరకిన బాలుడు, "అయ్యగారూ, హేరోదు నల్లనివాడని యెక్కడ వ్రాయబడి యున్నది?" అని మెల్లగా నడిగెను. మేము ప్రత్యుత్తర మీయలేకపోతిమి. వాడు వేషము వేసెను, బాగుగనే వేసెను. కాని వాని తల్లి ఆ రాత్రి ముందువరుసలో తలవంచుకొని కూర్చుండుట మేము చూచితిమి. చెడుగునకు ఒక రంగును, ఒక ముఖమును కల్పించుట కథలో చిన్న తప్పు. ఊరిలో పెద్ద తప్పు. కావున మంచిచెడ్డలను నమ్మదగినట్లు చిత్రించుట యెట్లో కొంచెము విచారింతము.

మొదట, చెడ్డవానికి ఒక కోరిక యుండవలెను. అది మనకును తెలిసిన కోరికయై యుండవలెను. 1951లో కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున, పింగళి నాగేంద్రరావుగారి రచనతో వెలువడిన "పాతాళభైరవి" చలనచిత్రమును మీ యిండ్లలోని పెద్దలు చూచియే యుందురు. అందు నేపాళమాంత్రికుడు కోరిన దేమి? అడిగిన దెల్ల నిచ్చు ప్రతిమ. తోటరాముడు కోరిన దేమి? ఆ ప్రతిమ యొసగు సంపదయే. రాజకుమారిని పెండ్లాడవలెనన్న రాజుతో సమానమైన సంపద కావలెను గనుక, ఆ తోటమాలి కుమారుడు మాంత్రికుని వెంట బయలుదేరెను. ఇద్దఱును ఒకే త్రోవను నడచిరి. భేద మెక్కడ నున్నది? రాముడు తన కోరికకై తన ప్రాణమునే యొడ్డెను. మాంత్రికుడు తన కోరికకై రాముని తలను బలి యీయ దలచెను. చూడుడు, చెడుగు కోరికలో లేదు. ఆ కోరిక వెలను ఇతరులచేత చెల్లింపజూచుటలో నున్నది.

రెండవది, చెడుగు మెట్టుమెట్టుగా పెరుగును. ఇది వైజ్ఞానిక కల్పనలలో బాగుగ కనబడును. ఆంగ్లరచయిత హెచ్. జి. వెల్సు 1897లో అదృశ్యుడగు మనుష్యునిగూర్చి యొక నవల వెలువరించెను. అందలి గ్రిఫిను పేద విద్యావంతుడు, తెలివిగలవాడు. తన పరిశోధనకు ధనము చాలక తండ్రియొద్ద నున్న సొమ్మును దొంగిలించెను. అది తండ్రి సొత్తు కాదు. ఆ యవమానము భరింపలేక తండ్రి ప్రాణము తీసికొనెను. పిమ్మట గ్రిఫిను ఒక వృద్ధురాలి పిల్లిపై ప్రయోగము చేసెను. పిమ్మట తానున్న యింటికి నిప్పు పెట్టెను. తుదకు దేశమునే భయపెట్టి యేలదలచెను. మొదటి మెట్టుమీద నున్నప్పుడు వాడు మనవంటివాడే. అందుచేతనే ఆ కథ మనలను భయపెట్టును.

సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో తీసిన "ఆదిత్య 369" అను చిత్రములో కాలయంత్రము కలదు. అది కథానాయకుని కృష్ణదేవరాయల కాలమునకును, రాబోవు కాలమునకును కొనిపోవును. అందలి దుర్మార్గుడు పురాతనములైన అందమైన వస్తువులను మిక్కిలి ప్రేమించువాడు. ప్రేమించుట తప్పు కాదు. వానికొఱకు ఇతరుల ప్రాణములను లెక్కచేయకుండుటయే తప్పు. యంత్రము మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. దానిని నడపు చేయి యెవరిదో చూడవలెను.

మూడవది, ముఖము సాక్ష్యము కాదు. నేపాళమాంత్రికుడుగా నటించిన ఎస్. వి. రంగారావుగారే 1957లో "మాయాబజార్" చిత్రమున ఘటోత్కచుడైరి. ఈ రాక్షసుడు గదయు మీసములును గలవాడు, మాయలెఱిగినవాడు. అయినను విడిపోయిన యిద్దఱిని కలుపుటకు పాటుపడినవాడు. మన సింగరాయకొండ పేరులోని సింగరాయడు నరసింహుడే గదా! ఆ కథలో సింహముఖమువాడు బాలుని రక్షింప వచ్చెను. బాలుని హింసించినవాడు కన్నతండ్రి. ఈ సంగతి మన పూర్వులకు బాగుగ తెలియును. మనమే మఱచితిమి.

ఇక మంచివాని సంగతి. తడబడనివాని మంచితనమునకు విలువ లేదు. వాడు భయపడవలెను, ఆశపడవలెను, ఒకమాఱు ఓడిపోవలెను. తోటరాముడు సంపాదించిన దంతయు పోగొట్టుకొని మరల వెదకబోయెను గనుకనే మనము వాని వెంట నడతుము. మీ కథలోని వీరుడు ఏమి పోగొట్టుకొనుటకు సిద్ధముగా నున్నాడో వ్రాయుడు. అతడు మంచివాడని మీరు వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ప్రవక్తయగు నాతాను దావీదురాజు నెదుట నిలిచి, ధనవంతుడొకడు తన మందను ముట్టక పేదవాని యొక్కగానొక్క గొఱ్ఱెపిల్లను విందుకు కోయించిన కథ చెప్పెను. రాజు ఆ ధనవంతునిపై మండిపడెను. ఆ ధనవంతుడు తానే యని పిమ్మట తెలిసికొనెను. నాతాను ఆ ధనవంతునికి కోఱలు పెట్టియున్నచో, రాజు తన్ను తానెన్నడును గుర్తింపక పోయెడివాడు.

మేమును ఆ కథలో నున్నాము. మా నాటకము రక్తికట్టుటకు వెల చెల్లించినది ముందువరుసలోని యొక తల్లి. ఈ యేడు హేరోదు వేషమును చీట్లు వేసి నిర్ణయింతుము. ఎవరికి వచ్చినను సరే, సింహాసనము పోవునని వణకుచున్న యొక మనుష్యునిగా ఆ వేషమును వేయ నేర్పుదుము. తల్లిదండ్రు లందఱును వచ్చి, తలయెత్తి కూర్చుండి చూడవలెనని మా మనవి.