ఉప్పుగాలికి చెరగని పేరు



ఓడకు పేరు రాయడం ముచ్చట కోసం మాత్రమే కాదండీ. ముందు భాగంలో రెండు వైపులా ఓడ పేరు, వెనక భాగంలో పేరుతో బాటు అది రిజిస్టరైన రేవు పేరు స్పష్టంగా కనపడాలని చట్టం. నడిసముద్రంలో ఆపద వస్తే, సాయానికి వచ్చినవారు ఏ ఓడ అన్నది ఆ పేరు చూసే గుర్తుపడతారు. ఈనాటి ఉక్కు ఓడలకు ఉక్కు అక్షరాలు అతికి రంగు వేస్తారు. తెరచాప పడవలకూ, విహార నౌకలకూ చెక్కమీద చెక్కిన పేరుపలకలు ఇప్పటికీ చూస్తాం.

ఎండ, వాన, ఉప్పుగాలి ఈ పలకకు శత్రువులు. చెక్కడం ఎంత అందంగా ఉన్నా, చెక్క, మరలు, పైపూత సరిగా ఎంచుకోకపోతే ఆ శ్రమంతా వృథాయే గదా!

చెక్కల్లో టేకు మేలు. దానిలోని సహజమైన నూనె తేమనూ పురుగునూ తట్టుకుంటుంది. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన 'ట్రింకోమలీ' యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో ఈనాటికీ నీటిమీద తేలుతోంది! మామూలు ప్లైవుడ్ చవకే గాని, అంచుల్లోంచి నీరు పీల్చి పొరలు విడిపోతుంది. చేవగల, బాగా ఆరిన చెక్కే కొనాలి.

ఇనప మేకులు తుప్పు కారి చారలు కడతాయి. ఉప్పునీటిలో ఇత్తడిలోని జింకు కరిగిపోయి మర పెళుసవుతుంది. కంచు మరలుగాని, సముద్రపు పనికి తగిన స్టెయిన్‌లెస్ స్టీలు మరలుగాని వాడాలి.

ఇక పైపూత. టేకు నూనె వార్నిష్‌ను సరిగా పట్టనివ్వదు. అందుకని ముందు థిన్నరుతో తుడవాలి. మొదటి పూత పల్చగా వేసి, పలక కొనలకూ చెక్కిన గాళ్ళకూ బాగా పట్టించాలి. నీరు దూరేది అక్కడే. వార్నిష్ ఎండకు పగులుతుంది కాబట్టి మన ఎండల్లో ఏటా మరో పూత తప్పదు. రంగు అయితే ఎండను అడ్డుకుని మరికొంత కాలం నిలుస్తుంది.

అక్షరాలకు 23 క్యారెట్ల బంగారు రేకు ఖరీదే. కాని బంగారం ఉప్పుకు నల్లబడదు, ఏళ్ళ తరబడి మెరుస్తుంది. దానిమీద వార్నిష్ వేయకండి. అది పసుపెక్కి, పొరలుగా లేచిపోయేటప్పుడు రేకునూ ఊడదీస్తుంది. ఇత్తడి పొడితో చేసిన బంగారు రంగు మాత్రం త్వరలోనే నల్లబడుతుంది.

విశాఖపట్నం, కాకినాడల్లో సముద్రానికి దగ్గరగా ఉండేవారు ఇంటి పేరుపలక చేయించేటప్పుడు కూడా వడ్రంగికి ఈ సంగతులే చెప్పండి. వానలకు ముందు ఒకసారి పలకను పరీక్షగా చూసి, చిన్న పగులు కనపడగానే పూత వేయించండి. ఆలస్యం చేస్తే నీరు లోపలికి దిగి, పలకంతా గీకించి మళ్ళీ మొదటినుంచి చేయించవలసి వస్తుంది.