పొడి తాగితే పరుగు వస్తుందా?

పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లు, కబడ్డీ ఆటగాళ్లు కొందరు మైదానానికి వెళ్లేముందు ‘ప్రీ వర్కౌట్’ పొడిని నీళ్లలో కలుపుకొని తాగుతున్నారు. తాగినవారికి కాసేపు హుషారు రావడం నిజమే. ఆ హుషారు ఎక్కడిదన్నదే ప్రశ్న.

ఈ పొడుల్లో ఎక్కువగా పనిచేసేది కాఫీలో ఉండే కెఫీనే. కప్పు కాఫీలో అది సుమారు 100 మిల్లీగ్రాములుంటే, ఒక్క మోతాదు పొడిలో 150 నుంచి 300 దాకా ఉంటుంది. అది అలసటను మరిపిస్తుందే తప్ప కండబలం పెంచదు. మోతాదు మించితే గుండెదడ, చేతుల వణుకు తప్పవు. సాయంత్రం తాగితే రాత్రి నిద్ర పట్టదు. పొడిని నీళ్లు లేకుండా నోట్లో వేసుకోవడం మరీ ప్రమాదం. 18 ఏళ్లలోపువారు వీటి జోలికి పోకపోవడమే మంచిదని పిల్లల వైద్యులు చెబుతారు.

మరో ముప్పూ ఉంది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు ముందు మనదేశ క్రీడాకారులు కొందరు మిథైల్ హెక్సనమైన్ పరీక్షలో దొరికిపోయారు. ఇలాంటి పొడుల్లో కలుస్తూ వచ్చిన నిషిద్ధ ఉత్ప్రేరకమది. డబ్బాపై ఆ పేరు లేదన్న సంజాయిషీతో తప్పు మాసిపోదు. నిషేధం నాలుగేళ్ల దాకా పడవచ్చు.

సాధనకు గంట ముందు రెండు అరటిపళ్లు, చాలినన్ని మంచినీళ్లు, రాత్రి కంటినిండా నిద్ర. వీటికి ఖర్చూ తక్కువే, భయమూ లేదు.