పునాదికి ముందే నడచు కర్మాగారము

కర్మాగారమును కట్టిన పిదప తప్పు బయటపడినచో దిద్దుకొనుట కష్టము. ఒక యంత్రమును పది అడుగులు జరుపవలెనన్నను నేల త్రవ్వవలెను, విద్యుత్తు తీగలు మార్చవలెను, కొన్ని దినములు పని నిలుపవలెను. అందుచేత ఇంజనీర్లు ముందుగా ఆ కర్మాగారమును కంప్యూటరులో నడిపించి చూతురు. దీనికే సిమ్యులేషన్ అని పేరు. 1961లో ఐ.బి.ఎం. సంస్థయందలి జెఫ్రీ గోర్డన్ రూపొందించిన జి.పి.ఎస్.ఎస్. ఇట్టి సాధనములలో తొలితరమునకు చెందినది.

అయితే ఒక్క సాధనము అన్నిటిని చూపజాలదు. వస్తువులు యంత్రమునుండి యంత్రమునకు పోవుటను, నడుమ వరుసలో నిలుచుటను ఒకటి లెక్కించును. యంత్రహస్తము ఎట్లు వంగునో, దేనికి తగులునో వేరొకటి చూపును. దేనికది సరియైనదే. చిక్కు వాని నడుమనే యున్నది.

యంత్రహస్తము ఒక వస్తువునకు 40 సెకనులు తీసుకొనునని వరుసను లెక్కించువారు భావించిరనుకొందము. అప్పుడు గంటకు 90 వస్తువులు వెలువడును. కదలికలను పరిశీలించువారి లెక్కలో 55 సెకనులు పట్టునని తేలినది. అనగా గంటకు 65 మాత్రమే. ఈ సంగతి మొదటివారికి చేరకున్నచో, 90కి సరిపడు యంత్రములను కొని, సరకు అందింతుమని మాట యిచ్చి, పిదప చింతింపవలసివచ్చును.

కావున సాధనముల నడుమ మూడు విషయములందు పొత్తు కుదురవలెను. మొదటిది పేరు: ఒకరు మూడవ యంత్రమన్నదానిని రెండవవారును అట్లే గుర్తింపవలెను. రెండవది కొలత: మిల్లీమీటర్లా, అంగుళములా? మూడవది కాలము. వరుసను లెక్కించు సాధనము ఒక సంఘటననుండి మరొక సంఘటనకు దుముకును. కదలికను లెక్కించునది సెకనులో వేయవ వంతువంటి చిన్న అడుగులు వేయును. ఒకటి ముందునకు పోక రెండవదానికై ఆగవలెను. ఈ పొత్తుకై ఏర్పడిన ప్రమాణములలో హై లెవెల్ ఆర్కిటెక్చర్ 2000లో ఐ.ఇ.ఇ.ఇ. ఆమోదము పొందినది, ఎఫ్.ఎం.ఐ. 2010లో వెలువడినది.

పొత్తు లోపించినచో ఏమగునో ఎయిర్‌బస్ ఏ380 విమానము తెలిపినది. హాంబర్గ్, టులూజ్ నగరములందలి ఇంజనీర్లు ఒకే రూపకల్పనా సాఫ్ట్‌వేరుయొక్క వేర్వేరు తరములను వాడిరి. తీగల కట్టలను విమానములో అమర్పబోగా పొడవు చాలలేదు. ఏడాదికి మించిన ఆలస్యముతో, 2007 అక్టోబరులో గాని తొలి విమానము కొనుగోలుదారునకు అందలేదు.

అందువలన తెరపై కర్మాగారము చక్కగా నడచుచున్నను, అనుభవజ్ఞుడైన ఇంజనీరు సంతోషించుటకు ముందు ఒక ప్రశ్న వేయును: ఈ 40 అను అంకె ఎవరి లెక్కనుండి వచ్చినది?