చల్లబడితే కదిలే జీపు: దాగుడుమూతలాడే లోపాన్ని పట్టే శాస్త్రం

వేసవి మధ్యాహ్నం. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలోని కుటుమ్‌సర్ గుహ దగ్గర సందర్శకులను దింపిన ఓ పాత జిప్సీ చెట్టు నీడన ఆగి ఉందనుకోండి. గుహ చూసి అందరూ తిరిగొస్తారు. తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. డ్రైవరు బానెట్ ఎత్తి అదీ ఇదీ కదిలిస్తాడు. ఇరవై నిమిషాలకు బండి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. మర్నాడు షెడ్డుకు తీసుకెళ్తే అక్కడ ఒక్కసారి కూడా మొరాయించదు. లోపం కనిపించనప్పుడు మెకానిక్ మాత్రం దేన్ని బాగుచేస్తాడు?

వచ్చి పోయే ఇలాంటి లోపం వాహన మరమ్మతుల్లో అన్నిటికన్నా కష్టమైనది. పూర్తిగా చెడిపోయిన భాగాన్ని పట్టుకోవడం తేలిక. అప్పుడప్పుడు చెడి, తనంతట తానే బాగయ్యే భాగం పరీక్షకు దొరకదు. దాంతో చాలాచోట్ల ఊహ మీద విడిభాగాలు మారుస్తారు. మొదట ప్లగ్గులు, తర్వాత కాయిల్, ఆ తర్వాత కార్బురేటర్. డబ్బు ఖర్చవుతుంది, లోపం అలాగే ఉంటుంది.

బస్తర్ వంటి చోట ఇది కేవలం డబ్బు సమస్య కాదు. లోపలి పల్లెల నుంచి రోగిని జగదల్‌పూర్ ఆసుపత్రికి చేర్చడానికి చాలాసార్లు ఊళ్లో ఉన్న పాత జీపే దిక్కు. ఘాట్ రోడ్డు మీద ప్రమాదం మరో రూపంలో వస్తుంది. బ్రేకు బూస్టర్ ఉన్న పెట్రోలు బండ్లలో ఆ బూస్టర్‌కు బలం ఇంజన్ పీల్చే గాలి వల్ల ఏర్పడే శూన్యం నుంచే వస్తుంది. దిగుడులో ఇంజన్ ఆగిపోతే మిగిలిన శూన్యం రెండు మూడు సార్లు పెడల్ నొక్కేసరికి అయిపోతుంది. ఆ తర్వాత బ్రేకు పనిచేస్తుంది గానీ పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. కాంకేర్, కొండగావ్ మధ్య ఉన్న కేశ్‌కాల్ ఘాట్ మలుపుల్లో ఆ తేడా చాలా పెద్దది.

ఒకే లక్షణం, వేర్వేరు కారణాలు

మారుతీ జిప్సీ 1985లో మార్కెట్లోకి వచ్చింది. మొదట్లో దానికి 970 సీసీ కార్బురేటర్ ఇంజన్ ఉండేది. 1996లో 1.3 లీటర్ల ఇంజన్ వచ్చింది. 2000 ప్రాంతంలో కార్బురేటర్ స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. తేలికైన బండి, నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు, సులువైన మరమ్మతు. ఈ కారణాల వల్ల దేశంలోని అడవుల్లో, కొండదారుల్లో దశాబ్దాల నాటి జిప్సీలు, జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఏ పెట్రోలు ఇంజన్‌కైనా కావలసినవి నాలుగు: సరిపడా పెట్రోలు, గాలి, సరైన క్షణంలో నిప్పురవ్వ, సిలిండర్‌లో తగినంత ఒత్తిడి. వేడిలో ఆగి, చల్లబడ్డాక కదిలే బండిలో అనుమానం ప్రధానంగా పెట్రోలు మీద, నిప్పురవ్వ మీద ఉంటుంది. చిక్కేమిటంటే ఈ రెండు లోపాలూ బయటికి ఒకేలా కనిపిస్తాయి.

మొదటి అనుమానం పెట్రోలు ఆవిరి. నీటిలా పెట్రోలు ఒకే ఉష్ణోగ్రత దగ్గర మరగదు. అందులో వందలాది పదార్థాలుంటాయి. వాటిలో తేలికైనవి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరగడం మొదలుపెడితే, బరువైనవి 200 డిగ్రీల దాకా ఆగుతాయి. పాత కార్బురేటర్ బండ్లలో పెట్రోలు పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. వెనక ఉన్న టాంకు నుంచి అది పెట్రోలును పీలుస్తుంది. పీల్చినప్పుడు గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఒత్తిడి తగ్గితే మరిగే ఉష్ణోగ్రత కూడా తగ్గుతుంది. అలా వేడి, తక్కువ ఒత్తిడి కలిసినచోట గొట్టంలో బుడగలు పుడతాయి. పంపు ద్రవాన్ని నెట్టగలదు, ఆవిరిని మాత్రం నెట్టలేదు. ఆవిరి స్పంజిలా నలిగి మళ్లీ ఉబ్బుతుంది. కార్బురేటర్‌కు చుక్క చేరదు. దీన్నే వేపర్ లాక్ అంటారు.

బస్తర్ పరిస్థితులు ఇందుకు అనువుగా ఉంటాయి. జగదల్‌పూర్ సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తీరప్రాంతంతో పోలిస్తే సుమారు 6 శాతం తక్కువ. అడవి దారిలో బండి తక్కువ గేరులో, తక్కువ వేగంతో, ఎక్కువ శ్రమతో నడుస్తుంది. ఎదురుగాలి తగలదు. అసలు వేడి బండి ఆపాకే పెరుగుతుంది. ఇంజన్ ఆగగానే నీటి ప్రసరణ, ఫ్యాను ఆగిపోతాయి. ఇంజన్ లోహంలో దాగిన వేడి కొన్ని నిమిషాల పాటు పంపులోకి, కార్బురేటర్‌లోకి పాకుతుంది. నడిచేటప్పుడు బాగానే ఉన్న బండి అరగంట ఆగితే మొరాయించడానికి ఇది ఒక కారణం.

ఇంధనం కూడా మారింది. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలును దేశంలో 2023 ఫిబ్రవరిలో ప్రారంభించారు. ఇథనాల్ విడిగా 78 డిగ్రీల వద్ద మరుగుతుంది. అయినా పెట్రోలులోని తేలిక పదార్థాలతో కలిసినప్పుడు అవి తొందరగా ఆవిరవుతాయి. మూల పెట్రోలు అదే అయితే ఇథనాల్ కలిపిన మిశ్రమం ఆవిరి ఒత్తిడి కొంత పెరుగుతుంది. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాల్లో కొన్ని రకాలను మెత్తబరుస్తుంది.

రెండో అనుమానం ఇగ్నిషన్ కాయిల్. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను వేల వోల్టులకు పెంచి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టించేది ఇదే. ఇందులో ఉండేది సన్నని రాగి తీగ చుట్టలు. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ రాగి నిరోధం 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరితే ఆ పెరుగుదల 31 శాతం. అంటే అదే వోల్టేజీకి కరెంటు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. మంచి కాయిల్ దీన్ని తట్టుకుంటుంది. తీగలో వెంట్రుకంత పగులుంటే మాత్రం వేడికి లోహం వ్యాకోచించినప్పుడు అది తెరుచుకుంటుంది, చల్లబడ్డాక మళ్లీ అతుక్కుంటుంది. అప్పుడు కూడా ఇరవై నిమిషాలకు బండి ఏమీ ఎరగనట్టే కదులుతుంది.

తడిగుడ్డ ప్రయోగం

బండి మొరాయిస్తే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసే చిట్కా పాత డ్రైవర్లకు తెలుసు. దీన్ని చిట్కాగా కాక ప్రయోగంగా చేస్తే అసలు కారణం బయటపడుతుంది. పంపు మీద, కాయిల్ మీద ఒకేసారి తడిగుడ్డలు వేస్తే బండి కదలొచ్చు. కానీ తప్పు ఎవరిదో తేలదు. ముందు పంపు మీద మాత్రమే వేసి రెండు మూడు నిమిషాలు చూడాలి. ఫలితం లేకపోతే అప్పుడు కాయిల్ వంతు. కాయిల్‌ను తడిపేముందు స్విచ్ ఆపి, కరెంటు కనెక్షన్ల మీద నీరు పడకుండా చూడాలి. మండుతున్న ఎగ్జాస్ట్ గొట్టాల మీద చన్నీళ్లు పోస్తే పోత లోహం పగిలే ప్రమాదం ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చడం ప్రయోగశాలలో ఎంత ముఖ్యమో రోడ్డు పక్కనా అంతే ముఖ్యం.

ఇంకా తేలికైన పరీక్ష ఒకటుంది. ఇంజన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ తీగను చేత్తో లాగాలి. సన్నని ధారగా పెట్రోలు చిమ్మితే కార్బురేటర్ గిన్నెలో ఇంధనం ఉన్నట్టే. ఏమీ రాకపోతే గిన్నె ఎండిపోయినట్టు. గొంతంతా తడిగా ఉండి ఘాటైన పెట్రోలు వాసన కొడితే సంగతి వేరు. వేడికి గిన్నెలోని పెట్రోలు పొంగి ఇంజన్‌లోకి కారిపోయిందన్నమాట. అప్పుడు ఇంధనం తక్కువై కాదు, ఎక్కువై బండి అంటుకోదు. పెట్రోలు వాసన ఉన్నచోట బీడీ, సిగరెట్టు దరిచేరకూడదు. నిప్పురవ్వ పరీక్షను కూడా ఆ ఆవిరికి దూరంగానే చేయాలి.

బండి ఆగే తీరు కూడా సాక్ష్యమే. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే అనుమానం కాయిల్ మీద, వైర్ల మీద. మిస్సింగ్ కొడుతూ, ఎగిరెగిరి పడుతూ ఆగితే ఇంధనం మీద. ఎక్కుడులో మొరాయించి, ఆపి కాసేపాగితే మళ్లీ కదిలే బండికి టాంకులోని తుప్పు కూడా కారణం కావచ్చు. ఇంజన్ పీలుస్తున్నంతసేపూ తుప్పు రేకులు గొట్టం మూతిని అడ్డుకుంటాయి, పీల్చడం ఆగగానే కిందికి జారిపోతాయి. టాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయినా లోపల శూన్యం ఏర్పడి పెట్రోలు రాదు. బండి ఆగిన వెంటనే టాంకు మూత తిప్పితే బుస్సుమని గాలి లోపలికి వెళ్లడం దీనికి గుర్తు.

వానాకాలంలో జాబితా మారుతుంది. డిస్ట్రిబ్యూటర్ మూతలోని చిన్న పగులులో తేమ చేరితే కరెంటు ప్లగ్గుకు చేరకుండా అడ్డదారి పడుతుంది. గతుకుల మొరం రోడ్ల మీద ఎర్త్ తీగలు వదులవుతాయి. స్టార్టర్ తిప్పుతూ మల్టీమీటర్‌తో ఇంజన్ లోహానికీ బ్యాటరీ నెగటివ్ కొసకూ మధ్య కొలిస్తే, అర వోల్టు కన్నా ఎక్కువ చూపితే ఎర్త్ దారిలో అడ్డు ఉన్నట్టే.

ఎన్ని ప్రయాణాలు చూడాలి?

కొత్త వాహనాల్లో లోపం వచ్చిన క్షణాన్ని కంప్యూటర్ నమోదు చేస్తుంది. కార్బురేటర్ జిప్సీలో ఆ పని చేయగలిగింది డ్రైవరు జేబులోని చిన్న నోటుపుస్తకం. బండి ఆగిన ప్రతిసారీ సమయం, ఎండ, ఎంతసేపు నడిచింది, ఆపి ఎంతసేపైంది, ఎక్కుడా దిగుడా, టాంకులో పెట్రోలు ఎంత, ఆగిన తీరు ఏమిటి అని రాసుకోవాలి. బండి ఆగని రోజులు కూడా రాయాలి. ఆగని రోజుల లెక్క లేకపోతే ఆగిన రోజుల్లో ప్రత్యేకత ఏమిటో తెలియదు.

ఆ లెక్క మరమ్మతు తర్వాత కూడా పనికొస్తుంది. ఐదు ప్రయాణాల్లో ఒకసారి ఆగే బండికి కాయిల్ మార్చారనుకోండి. తర్వాత వరసగా ఐదు ప్రయాణాలు సాఫీగా సాగాయి. లోపం పోయినట్టేనా? కాయిల్ మార్చకపోయినా ఐదుసార్లూ ఆగకుండా నడిచే అవకాశం 0.8ను ఐదుసార్లు గుణిస్తే వస్తుంది. అది దాదాపు 33 శాతం. అంటే మూడింట ఒక వంతు అవకాశంతో అది కేవలం అదృష్టమే. ఈ అవకాశం 5 శాతం లోపుకు దిగాలంటే వరసగా 14 ప్రయాణాలు సాఫీగా సాగాలి. అవి కూడా లోపం కనిపించిన పరిస్థితుల్లోనే జరగాలి. మధ్యాహ్నం ఎండలో ఆగే బండిని తెల్లవారుజామున వంద సార్లు నడిపినా ఏమీ రుజువు కాదు.

కారణం వేపర్ లాక్ అని తేలితే పరిష్కారం పెద్ద ఖర్చు కాదు. పెట్రోలు గొట్టాన్ని ఎగ్జాస్ట్‌కు దూరంగా మళ్లించడం, వేడి తగలకుండా రేకు అడ్డు పెట్టడం, మెత్తబడిన గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే వాటితో మార్చడం, మిగులు పెట్రోలును టాంకుకు తిప్పిపంపే గొట్టం మూసుకుపోయిందేమో చూడడం. ఇంజెక్షన్ బండ్లలో పంపు టాంకులోనే ఉండి పెట్రోలును అధిక ఒత్తిడితో ముందుకు నెడుతుంది కాబట్టి ఈ బెడద చాలా తక్కువ.

వానలు మొదలవగానే కుటుమ్‌సర్ గుహలోకి నీరు చేరుతుంది, సందర్శకులను అనుమతించరు. రేకు అడ్డు పెట్టించుకున్న జిప్సీ ఆ నెలలూ, తర్వాత వచ్చే చలికాలమూ చక్కగానే తిరగొచ్చు. అయినా నోటుపుస్తకంలో ఆ పేజీ కింద గీత గీయడానికి డ్రైవరు వచ్చే మే నెల దాకా ఆగాలి. ఎండ మళ్లీ నడినెత్తికి వచ్చినప్పుడు, గుహ ముందు అరగంట నిలిపిన బండి మొదటి తాళానికే అందుకుంటే, అప్పుడే ఆ మరమ్మతు నిలిచినట్టు.