ఉచిత బియ్యం - మన కథల్లోని ఆకలి

కరోనా కాలం మీద నేను చదివిన కథల్లో చాలావాటిలో పేదవాని ఇంట గింజ ఉండదు. ఖాళీ కుండ, చల్లారిన పొయ్యి, ఏడ్చే పసిబిడ్డ. ఇది పాత కరువు కథల నుంచి మనం అరువు తెచ్చుకున్న చిత్రం. 2020లో మా పట్టణపు కూలి ఇళ్లలో ఆకలి ఉన్నమాట నిజం. కాని దాని రూపం వేరు. ఆ రూపాన్ని పట్టుకోవాలంటే రచయితకు ముందు రేషను లెక్క తెలియాలి.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. మరునాడే కేంద్రం గరీబ్ కల్యాణ్ అన్న పథకం ప్రకటించింది. కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు 5 కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో పప్పు ఉచితం. మూడు నెలలకని మొదలైన ఆ పథకం నవంబరు దాకా సాగింది. దాదాపు 80 కోట్ల మంది దాని పరిధిలోకి వచ్చారు. తెలంగాణలో ఆ ఏప్రిల్‌లో మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చారు. ఇది చిన్న సహాయం కాదు. ఆ బియ్యమే లేకుంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

ఆ వేసవిలో నా విద్యార్థి ఒకని ఇంటికి పుస్తకాలు ఇవ్వబోయాను. తండ్రి తాపీపని కూలి. తల్లి నాలుగిళ్లలో పాచిపని చేసేది. ఇద్దరికీ పని లేదు. గది మూలన బియ్యం మూట కనిపించింది. "బియ్యానికైతే ఇబ్బంది లేదన్నమాట" అన్నాను తృప్తిగా.

"బియ్యం ఉన్నయి సారూ. ఉత్తగ బుక్కుతమా? నూనె ఏది, గ్యాసు ఏది, కిరాయి ఎవలు కడతరు?" అన్నది ఆమె. కాసేపాగి, పది కిలోలు అమ్మి నూనె, ఉల్లిగడ్డలు తెచ్చుకున్నామని మెల్లగా చెప్పింది. చట్టం దృష్టిలో అది నేరమని ఆమెకు తెలుసు. అంతకు వారం ముందే ఒక మిత్రుడు తన కథ పంపాడు. అందులో ఉచిత బియ్యం అమ్ముకునే తండ్రి దుర్మార్గుడు. "చాలా వాస్తవికంగా ఉంది" అని జవాబు రాసినవాణ్ణి నేనే.

ఆ ఇంట్లో మనుషులు ఐదుగురు, కార్డులో పేర్లు మూడు. చిన్నపిల్లలిద్దరి పేర్లూ ఎక్కలేదు. అంటే 60 కిలోలు రావలసిన చోట 36 వచ్చాయి. ఇది ఒక డీలరు చేసిన మోసం కాదు. 2013 ఆహార భద్రతా చట్టం కింద కేంద్రం ధాన్యమిచ్చే మనుషుల సంఖ్య 2011 జనాభా లెక్కల మీద స్థిరపడింది. ఆ తరువాత పుట్టిన బిడ్డ ఆకలికి ఆ లెక్కలో చోటు దొరకడం కష్టం. ఇక బడి మూతపడగానే మధ్యాహ్న భోజనమూ, దానితో గుడ్డూ పోయాయి. దేశవ్యాప్తంగా ఆగిన ఈ భోజనం సంగతిని సుప్రీంకోర్టు 2020 మార్చి 18ననే తనంతట తాను విచారణకు తీసుకున్నది. కోర్టుకు కనిపించిన ఆ ఖాళీ పళ్లెం, రోజూ వడ్డన చూసే ఉపాధ్యాయుడనైన నాకు ఆ తల్లి చెప్పేదాకా కనిపించలేదు.

కాబట్టి కథావస్తువు ఖాళీ కుండ కాదు. బియ్యం నిండిన మూట, కూరలేని కంచం, కార్డుకెక్కని పసివాడు, తన వాటా అమ్ముకుని దొంగలా చూపు దించుకునే తల్లి - ఇవే వస్తువు. కడుపు నింపే గింజకూ, మనిషిని బతికించే కూలికీ మధ్య ఉన్న దూరమే ఇక్కడి సంఘర్షణ. ప్రభుత్వం ఏమీ ఇవ్వలేదని రాస్తే అబద్ధం. బియ్యమిచ్చింది కనుక ఆకలి లేదని రాస్తే అంతకన్నా పెద్ద అబద్ధం.

2023 జనవరి నుంచి ఆహార భద్రతా చట్టం కింద వచ్చే ధాన్యం ఉచితమే అయింది. కనుక ఈ వస్తువు కరోనాతో ముగిసిపోయినది కాదు. యువ రచయితలకు నా మనవి ఒకటే. పేదరికం మీద కథ రాయబోయే ముందు ఒక్కపూట రేషను షాపు వరుసలో నిలబడండి. సంచిలో ఎంత పడిందో చూడండి. ఆపైన ఆ సంచి వెంట ఇంటిదాకా నడవండి. నేను మాత్రం ఆ మిత్రునికి మరో ఉత్తరం రాశాను, నా మొదటి అభిప్రాయం తప్పని.