భాషాశాస్త్రాధ్యయనము - వృత్తులు

భాషాశాస్త్రము చదివినచో నేమి యుద్యోగము లభించునని విద్యార్థులు తఱచుగా నడుగుచున్నారు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదని మా యభిప్రాయము. అధ్యాపక పదవులు కొన్నియే, అభ్యర్థులు పలువురు.

ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి యాధ్వర్యమున భాషాశాస్త్రశాఖ నెలకొన్న 1962లోనే, వారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము ప్రథమ సంపుటము, వ్యవసాయపదములతో, వెలువడినది. దానికై పరిశోధకులు గ్రామముల కేగి రైతుల నోట విన్న మాటలను ఉచ్చారణభేదములతో వ్రాసికొనిరి. నాగలి భాగములకే ఒక్కొక్క ప్రాంతమున నొక్కొక్క పేరు! ఇట్లు చెవిని సానబట్టు శిక్షణయే తక్కిన వృత్తులకు మూలధనము. నిఘంటుకారునకు నిదియే కావలెను. కువి, కొండ మున్నగు భాషలకు వాచకములు కూర్చువారికి నిదియే. యంత్రానువాదమునకై తెలుఁగు సంధులను, విభక్తులను విడదీసి చూపువారికిని నిదియే యాధారము. 1969లో మైసూరున స్థాపితమైన భారతీయ భాషాసంస్థ వంటి చోట్ల పరిశోధనకు నవకాశము కలదు. వాక్చికిత్స మాత్రము వేఱు. దానికి ప్రత్యేక పట్టము, నమోదు నుండవలెను. ఈ సంగతి ముందుగా చెప్పక విద్యార్థులను చేర్చుకొనుట న్యాయము కాదు.

మన తెలుఁగు శాఖలలో నీ శాస్త్రమును నిర్వచనములు వల్లె వేయించి ముగించుట కలదు. ఎం.ఏ. విద్యార్థిచే నొక గ్రామపు కుమ్మరి మాటలు నూఱైనను సేకరింపజేసిన పిదపనే పరీక్షకు పంపవలెనని మా సూచన.